ఆన్‌లైన్ గేమ్‌ను తేలిక చేసేటప్పుడు ఏది కొయ్యాలి, ఏది ఉంచాలి

కొత్తవాళ్లు రెండో రోజుకే మీ గేమ్ మానేస్తుంటే మెకానిక్స్ (ఆటలో చెయ్యాల్సిన పనులు, వాటి నియమాలు) తగ్గించాలనిపిస్తుంది. కత్తెర పట్టే ముందు ఒక కాగితం తీసుకోండి. ఒక్కో మెకానిక్‌కూ ఎదురుగా రెండు గడులు గీయండి: వేళ్లు ఏం చెయ్యాలి, బుర్ర ఏం తేల్చుకోవాలి. తేలిక చెయ్యాల్సింది మొదటి గడిని. రెండోది ఖాళీగా ఉందంటే ఆ మెకానిక్‌ను పూర్తిగా తీసెయ్యవచ్చు, ఒక్క మినహాయింపుతో. అది కింద చెబుతాం.

లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఒకప్పుడు మ్యాచ్‌కు ముందే పాత్రకు అదనపు బలాలిచ్చే రూన్లను ఒక్కో పేజీలో 30 నింపాలి, అవీ కొనుక్కోవాలి. ఇంతా చేస్తే దక్కేది చిల్లర బోనస్సులే. 2017 నవంబరులో రూన్లనూ, అలాంటి బలాలే ఇచ్చే మాస్టరీలనూ కలిపేసి అందరికీ ఉచితం చేశారు. ఎంపికలు తగ్గాయి, ఒక్కో ఎంపికకూ బరువు పెరిగింది.

వేళ్ల పని తగ్గిస్తే దానికో ధర పెట్టాలి. ఫైటింగ్ గేమ్ స్ట్రీట్ ఫైటర్ 6 (2023) మంచి నమూనా. అందులో క్లాసిక్, మోడర్న్ అని రెండు కంట్రోల్ పద్ధతులున్నాయి. ర్యూ అనే పాత్రతో షోర్యూకెన్ (పైకెగురుతూ కొట్టే పంచ్) కొట్టాలంటే క్లాసిక్‌లో ముందుకు, కిందికి, ముందు-కింది మూలకు తిప్పి పంచ్ నొక్కాలి. మోడర్న్‌లో ముందుకు పట్టి స్పెషల్ బటన్ నొక్కితే చాలు. ప్రతిగా డ్యామేజ్ (దెబ్బకు ఎదుటివాడికి జరిగే నష్టం) 20 శాతం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు అసలుండవు. మోడర్న్‌లోనే ఉండి చేత్తో తిప్పి కొడితే మాత్రం పూర్తి డ్యామేజ్. నేర్చుకునే దారి మూసుకుపోలేదు, అసలు తెలివి అక్కడుంది.

మీ గేమ్‌లోనూ 20 శాతంతో మొదలుపెట్టి, ఒకే ర్యాంకులో రెండు పద్ధతులవాళ్ల గెలుపు శాతాలు పోల్చండి. పైకెగిరినవాణ్ని ఆపే దెబ్బల్లాంటి వాటికి డ్యామేజ్ కోత చాలదు. అక్కడ షార్ట్‌కట్ ఆదా చేసేది సమయం, కాబట్టి ధర కూడా సమయంలోనే కట్టించాలి. దెబ్బ మొదలవడానికి 2, 3 ఫ్రేములు (తెరమీద ఒక్కో బొమ్మ నిలిచే సమయం) కలపండి. సెకనుకు 60 ఫ్రేముల గేమ్‌లో 3 ఫ్రేములంటే 50 మిల్లీసెకన్లు.

ఇప్పుడు ఆ మినహాయింపు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2012లో, లెవెల్ పెరిగితే వచ్చే పాయింట్లతో శక్తులు ఎంచుకునే టాలెంట్ చెట్లు తీసేసి, 15 లెవెళ్లకు ఒక ఎంపిక పెట్టింది. లెక్క ప్రకారం సబబే, చాలా పాయింట్లు ఎటూ ఒకే దారిన పడేవి. కానీ ఆ పాయింటు లెవెల్ పెరిగినందుకు చేతికందే బహుమతి కూడా. అది పోయాక లెవెళ్లు బోసిపోయాయి. 2022లో చెట్లు తిరిగొచ్చాయి. అందుకే తీసేసే ప్రతిదానికీ అది చాటుగా చేస్తున్న పని ఇంకేమైనా ఉందా అని మూడో గడి గీయండి.

ఆటో పికప్ (దగ్గరికెళ్తే వస్తువు దానంతటదే సంచిలో పడటం) లాంటివి పెడితే వస్తువు ఎవరికి దక్కిందో సర్వరే తేల్చాలి. ఫోన్‌కు వదిలేస్తే ఒకే తుపాకీ ఇద్దరి సంచుల్లోనూ కనిపిస్తుంది. ఒక ప్యాచ్‌లో (గేమ్ అప్‌డేట్‌లో) ఒక్క మార్పే పెట్టండి, లేకపోతే ఏది బెడిసికొట్టిందో తేలదు. తీసేసిన దానిమీద ఆటగాళ్లు పెట్టిన డబ్బునో, పాయింట్లనో అదే ప్యాచ్‌లో తిరిగిచ్చెయ్యండి.