మీరు సరిచేసుకున్న ప్రాబ్లమ్ ఇంకొకళ్ళకి కూడా పనికొచ్చేలా రాయడం ఎలా

కంప్యూటర్లోనో వెబ్‌సైట్లోనో ఏదో మొరాయించి, రాత్రంతా కూర్చుని చివరికి ఎలాగో దారికి తెచ్చుకున్నాక చాలామంది "సాల్వ్ అయిపోయింది, థ్యాంక్స్" అని ఒక్క ముక్క పెట్టేసి వెళ్ళిపోతారు. అది చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అదే ఎర్రర్ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాడికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఇంకొంతమంది రాస్తారు గానీ "క్యాష్ క్లియర్ చేయండి, అయిపోతుంది" అని రాస్తారు, క్యాష్ అంటే బ్రౌజర్ మళ్ళీ వాడుకోవడానికి దాచుకున్న పాత కాపీలు, దాన్ని ఎందుకు క్లియర్ చేయాలో, ఎప్పుడు పనిచేయదో చెప్పరు. రాయాలనుకునేవాళ్ళు ఈ కింద చెప్పేవి కొంచెం చూసుకోండి.

ముందు ఎర్రర్ మెసేజ్. అది స్క్రీన్ మీద ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే పెట్టండి, మీ మాటల్లోకి మార్చొద్దు, ఎందుకంటే జనం వెతికేది ఆ మాటలతోనే. ఫొటో ఒక్కటే పెడితే సరిపోదు, అందులోంచి ఎవరూ కాపీ చేసుకోలేరు. విండోస్‌లో పాత తరహా మెసేజ్ బాక్స్ వచ్చినప్పుడు దాని మీద ఉండి కంట్రోల్ సీ కొడితే అందులో ఉన్న మేటరంతా కాపీ అయిపోతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. అలాగే మెనూల పేర్లు కూడా స్క్రీన్ మీద ఉన్నట్టే రాయండి, సెట్టింగ్స్‌ని "అమరికలు" అని రాస్తే పాపం చదివేవాడు ఆ పేరు కోసం స్క్రీనంతా వెతుక్కుంటాడు. వివరణ తెలుగులో, పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు.

ఎర్రర్ కోడ్ ఒక్కటే ఇచ్చినా చాలదు. విండోస్‌లో 80070005తో ముగిసే కోడ్ ఉంటుంది, దానర్థం పర్మిషన్ లేదు అని. అది అప్‌డేట్ చేసేటప్పుడూ రావచ్చు, యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడూ రావచ్చు, రెండింటికీ మందు ఒకటి కాదు. అందుకే ఏం చేస్తుండగా వచ్చిందో ఒక లైన్ రాయాలి.

తర్వాత తేదీ, వెర్షన్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్స్‌లో విన్‌వర్ (winver) అని కొడితే విండోస్ వెర్షన్ వచ్చేస్తుంది, అర నిమిషం పని. ఇది లేకపోతే ఏమవుతుందో వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో బాగా కనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లని 2015 డిసెంబర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు, అయినా వాటితో రాసిన పాత చిట్కాలు తేదీ లేకుండా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కొత్తగా నేర్చుకునేవాడు అవి కాపీ చేసి ఫాటల్ ఎర్రర్ చూసి తప్పు తనదే అనుకుంటాడు. బ్రౌజర్లో వీడియోలు, గేమ్స్ ఆడించిన ఫ్లాష్ 2020 చివర్లో ఆగిపోయింది, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇవాళ రాసిందీ రేపు పాతబడేదే, కాబట్టి తేదీ పైనే వేయండి.

ఇప్పుడు అసలు విషయం, నిజంగా దేనివల్ల బాగయిందో తేల్చుకోవడం. కంగారులో మనం పది పనులు చేస్తాం, పదకొండోది చేశాక బాగవుతుంది, ఆ పదకొండోదే మందు అని రాసేస్తాం. అలా కాకుండా ఆ మార్పు ఒక్కటే వెనక్కి తీసి చూడండి, ప్రాబ్లమ్ మళ్ళీ వచ్చిందా, మళ్ళీ పెడితే పోయిందా, అప్పుడే అది దానివల్ల అని నమ్మండి. నేను మొదట్లో చేసిన తప్పు చెప్తాను. సైట్‌లో రంగులు, అమరిక చెప్పే సీఎస్ఎస్ ఫైల్ మార్చాను, బ్రౌజర్లో పాతదే కనిపిస్తోంది, క్యాష్ వదిలేసి పేజీని మళ్ళీ తెచ్చే కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొట్టాను, కొత్తది వచ్చేసింది, సంతోషంగా అదే చిట్కా రాసి పెట్టాను. కానీ అది బాగుచేసింది నా కంప్యూటర్ ఒక్కదాన్నే కదా, సైట్‌కి వచ్చే మిగతావాళ్ళందరి దగ్గరా పాత ఫైలే ఉంది. సర్వర్ ఫైల్‌తో పాటు ఇచ్చే క్యాష్ కంట్రోల్ (Cache-Control) అనే సూచనలో మ్యాక్స్ ఏజ్ 31536000 సెకన్లు అని పంపిస్తోంది, అంటే ఏడాది దాకా ఆ ఫైల్ కోసం మళ్ళీ అడగొద్దని బ్రౌజర్‌కి చెప్తోంది, మరి వచ్చేవాళ్ళ ఇళ్ళకెళ్ళి మనం రిఫ్రెష్ కొట్టలేం. దీనికి సరైన పని ఏంటంటే ఫైల్ పేరు మార్చడం, లేదా లింక్ చివర ప్రశ్నార్థకం పెట్టి వెర్షన్ నంబర్ తగిలించడం, అప్పుడు బ్రౌజర్ దాన్ని కొత్త ఫైల్ అనుకుని తెచ్చుకుంటుంది. మధ్యలో సీడీఎన్, అంటే సైట్ ఫైళ్ళ కాపీలు పెట్టుకుని పంచే సర్వర్లు ఉంటే అక్కడ కూడా పాత కాపీ ఉండొచ్చు, అదీ చూడాలి. ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే ఫైల్ సర్వర్ నుంచి వచ్చిందా డిస్క్ క్యాష్ నుంచి వచ్చిందా అన్నది అక్కడే ఉంటుంది. అందులో డిసేబుల్ క్యాష్ అని టిక్ ఉంది చూశారా, అది ఆ టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఇది కూడా రాయకపోతే చదివినవాడు మూసేసి మళ్ళీ తికమక పడతాడు.

కమాండ్లు ఇచ్చేటప్పుడు దయచేసి జాగ్రత్త. అది ఏం చేస్తుందో, వెనక్కి ఎలా తీసుకోవాలో చెప్పకుండా కమాండ్ ఇవ్వకండి. ఫైల్ అప్‌లోడ్ కావట్లేదంటే లినక్స్ సర్వర్లో ఫోల్డర్‌కి 777 పర్మిషన్, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇవ్వమని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, అలా ఇస్తే ఆ సర్వర్ మీదున్న ఏ యూజరైనా అందులో రాసేయొచ్చు. మామూలుగా ఓనర్ ఒక్కడే మార్చగలిగేలా ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 చాలు, అప్పటికీ కాకపోతే ఆ ఫోల్డర్ ఓనర్ ఎవరో చూడాలి. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీని ముట్టుకోమంటే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోమనండి. ఫైర్‌వాల్ ఆపమంటే, పరీక్ష అయ్యాక మళ్ళీ ఆన్ చేయమని అదే లైన్లో రాయండి, పక్క లైన్లో రాస్తే చదవరు. విండోస్ ఫైళ్ళు పాడైనట్టుంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో వాటిని బాగుచేసే రెండు కమాండ్లు, ముందు డిజమ్ రిస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow), ఈ వరసలో చెప్పండి, ఎందుకంటే ఎస్ఎఫ్‌సీ మంచి ఫైళ్ళు తెచ్చుకునే చోటుని డిజమ్ ముందు బాగుచేస్తుంది.

కోడ్ అయితే ప్రాబ్లమ్ చూపించేంత ముక్క మాత్రమే ఉంచి మిగతాది కోసేయండి, ఆ కోస్తున్నప్పుడే చాలాసార్లు తప్పు మనకే దొరికిపోతుంది. వర్డ్ లాంటి వాటిలో రాసి పేస్ట్ చేయొద్దు, అది నిటారు కోట్స్‌ని వంకర కోట్స్‌గా మార్చేస్తుంది, కోడ్ పనిచేయదు. పెట్టేముందు ఖాళీ ఫైల్‌లో ఒకసారి నడిపి చూడండి.

స్క్రీన్‌షాట్లో పాస్‌వర్డ్, ఏపీఐ కీ (ప్రోగ్రామ్‌లు వాడే రహస్య కోడ్), మెయిల్ ఐడీ ఉన్నాయేమో రెండుసార్లు చూసుకోండి. బ్లర్ చేస్తే చాలదు, గట్టి నల్ల డబ్బా పెట్టండి. 2023లో అయితే పిక్సెల్ ఫోన్లలోనూ విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ క్రాప్ చేసిన బొమ్మల్లో కోసేసిన భాగం ఫైల్లోనే మిగిలిపోతోందని బయటపడింది, తర్వాత సరిచేశారు. బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి సేవ్ చేసిన హార్ (HAR) ఫైల్‌లో మీ లాగిన్ కుకీలు ఉండొచ్చు, దాన్ని అలాగే అందరికీ పెట్టొద్దు. పొరపాటున కీ బయటికి వెళ్ళిపోతే పోస్ట్ డిలీట్ చేసి ఊరుకోకండి, కోడ్ పాత వెర్షన్లన్నీ దాచే గిట్‌లో పెట్టి ఉంటే దాని హిస్టరీలో కూడా అది అలాగే ఉంటుంది, వెంటనే ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ఎవరైనా వచ్చి "నాకు పనిచేయలేదు" అంటే కోపం తెచ్చుకోకుండా వెర్షన్ అడగండి, తేడా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. తేడా దొరికితే కిందెక్కడో జవాబుగా కాకుండా మీ చిట్కా మొదటి లైన్లోనే పెట్టండి, ఏ వెర్షన్ నుంచి ఇది పనిచేయదు, దాని బదులు ఏం చేయాలి అని.