అందరి చేతిలో రూట్ పాస్‌వర్డ్

హనుమకొండలో మా చిన్న ఆఫీసుకు ఒకటే ఉబుంటు సర్వర్. అన్ని అధికారాలూ ఉండే రూట్ అకౌంట్ పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. ఎవరు ఏది మార్చారో లాగ్ చూసినా తేలదు, అన్నీ రూట్ పేరు మీదే.

ముందు ఒక్కొక్కరికి సొంత అకౌంట్ ఇచ్చి, ఇద్దరినే సుడో గ్రూపులో, అంటే రూట్ అధికారంతో కమాండ్లు నడపగలిగేవాళ్లలో, ఉంచాను. వెబ్‌సైట్ చూసుకునే అబ్బాయికి వెబ్ సర్వర్ ఇంజిన్ఎక్స్‌ను రీస్టార్ట్ చేసే కమాండ్ ఒక్కటే, పూర్తి పాత్‌తో, విసుడో అనే కమాండ్‌తో రాశాను. ఈ అనుమతులుండే సుడోయర్స్ ఫైలును మామూలు ఎడిటర్‌తో ముట్టుకోవద్దు. విసుడో అయితే సింటాక్స్ తప్పును అక్కడే పట్టిస్తుంది.

"విమ్ కూడా ఇయ్యరాదన్నా" అన్నాడు ఆ అబ్బాయి. విమ్ అంటే టెక్స్ట్ ఎడిటర్. ఇవ్వలేదు. సుడోతో విమ్ తెరిస్తే అందులోంచే రూట్ షెల్‌లోకి, అంటే రూట్‌గా ఏ కమాండైనా నడిపే చోటికి పోవచ్చు, ఇక ఈ కట్టడి అంతా దండగ.

పాత పాస్‌వర్డ్ మార్చేసి, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌లో రూట్ లాగిన్ ఆపాను. ఆ పని చేసేటప్పుడు ఇంకో టెర్మినల్‌లో రూట్ సెషన్ తెరిచే ఉంచుకున్నా, లేకపోతే ఏదైనా తప్పితే మళ్లీ లోపలికి రాలేమని టెన్షనే. ఇప్పుడు లాగిన్లు, సుడో వాడకం నమోదయ్యే ఆథ్ లాగ్‌లో ఎవరి సుడో కమాండ్ వారి పేరుతోనే కనిపిస్తోంది.