భూగోళాన్ని చదవడం, 4వ పాఠం: పోటుకు దీవి, పాటుకు నేల

గత పాఠంలో కళింగపట్నం దగ్గర వంశధార మొగను, అక్కడి ఇసుకతిన్నెలను పటంగా గీశారు. ఈసారి ఆ పటాన్ని ఎదురుగా ఉంచుకుని, ఫ్రాన్సులోని మోన్ సాన్ మిషెల్ దీవిని పరిశీలిద్దాం. యాత్రికుల కోసం చేసిన ఏర్పాటును చూసి, దాని వల్ల నీరు, ఇసుక ఎలా దారి మార్చుకున్నాయో గుర్తించడం ఈ పాఠంలో అలవరచుకోవలసిన నేర్పు.

నార్మండీ తీరంలో క్వెనో నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ రాతిగుట్టపై 708లో తొలి ప్రార్థనా మందిరం వెలసిందని సంప్రదాయం చెబుతుంది. 1979లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా రెండు మీటర్ల లోపే ఉండగా, అక్కడ పెద్ద పోట్ల నాడు అది దాదాపు 14 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడను మించిన ఎత్తు. ఒకప్పుడు యాత్రికులు పాటు వేళ చూసుకుని ఇసుక మీదుగా నడిచి వెళ్లేవారు.

1879లో తీరం నుంచి దీవి దాకా కట్ట వేశారు. రాకపోకలు సులువయ్యాయి, తరువాతి కాలంలో వాహనాలు గుట్ట పాదం దాకా వచ్చి నిలిచాయి. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఆ అఖాతంలో పోటు వేగంగా ఎక్కి, పాటు నెమ్మదిగా తీస్తుంది. నెమ్మదిగా తీసే నీటికి తెచ్చిన ఒండ్రునంతా వెనక్కి మోసుకుపోయే బలం ఉండదు. మిగిలినదాన్ని కడిగే పని నదిది, అటూ ఇటూ పారే ప్రవాహాలది. కట్ట ఆ ప్రవాహాలకు అడ్డుపడింది. 1969లో నది మొగలో కట్టిన ఆనకట్ట పోటునీరు నదిలోకి ఎక్కకుండా ఆపింది. దాంతో మేటలు పెరిగి, దీవి నేలలో కలిసిపోయే స్థితి వచ్చింది. జనాన్ని దీవికి చేర్చిన దారే దాని దీవితనాన్ని తినేసిందన్న ఈ సంగతి, నా దృష్టిలో, పాఠం మొత్తానికీ ఆయువుపట్టు.

దిద్దుబాటు కూడా నీటితోనే జరిగింది. 2009లో పనిచేయడం మొదలుపెట్టిన కొత్త ఆనకట్ట పోటునీటిని నదిలోకి రానిచ్చి, పట్టి ఉంచి, పాటు వేళ వదులుతుంది. ఆ ఉరవడికి ఒండ్రు కొట్టుకుపోతుంది. 2014లో స్తంభాల మీద వంతెన తెరిచి, పాత కట్టను తొలగించారు. వాహనాలను సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరంలోనే ఆపి, అక్కడి నుంచి నడకకో బస్సుకో ఏర్పాటు చేశారు.

ఇప్పుడు మీ అభ్యాసం. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలకు జనం పోగయ్యే రోజుల్లోనే పోటు బలంగా ఉంటుంది, అమావాస్యకూ అంతే. పౌర్ణమి మొదలు మూడు రోజులు, గట్టు మీది నుంచే, నీరు అన్నిటికంటే పైకి వచ్చిన వేళను రాసుకోండి. రోజుకు సుమారు 50 నిమిషాలు, అంటే రెండు ఘడియలకు కాస్త ఎక్కువ, ఆలస్యమవుతుందో లేదో సరిచూడండి. మొగ దగ్గర ఉరవడి మోసం చేస్తుంది కాబట్టి నీటిలో దిగవద్దు, స్థానిక మత్స్యకారులను అడిగి తెలుసుకోండి. తరువాత మీ పటంలో మూడు గుర్తులు పెట్టండి: ఆటోలు, బస్సులు ఆగవలసిన చోటు, జనం నడవవలసిన దారి, ఏ కట్టడమూ రాకూడని ఇసుక. ప్రతి గుర్తు పక్కన నీటికి సంబంధించిన కారణం ఒక్క వాక్యంలో రాయండి. 5వ పాఠంలో ఈ పటం మీదనే గాలి దిశను గీస్తాం.