వెల్త్ మేనేజ్‌మెంట్‌లో క్లయింట్ సపోర్ట్ ఉద్యోగం: ఎలా మొదలుపెట్టాలి?

బీకాం అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌లోనే ఏళ్లు గడిపేసేవాళ్లు మన బెజవాడలో, గుంటూరులో వీధికొకరు కనిపిస్తారు. జనం డబ్బును మ్యూచువల్ ఫండ్లలో పెట్టించి చూసుకునే ఆఫీసుల్లో ‘క్లయింట్ సపోర్ట్’ అనే ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలీదు. నాకూ తెలీదు, అనుకోకుండా వచ్చిపడ్డాను.

ముందు ఎన్‌ఐఎస్‌ఎం (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) వాళ్ల సిరీస్ ఫైవ్-ఎ అనే మ్యూచువల్ ఫండ్ల పరీక్ష రాయండి. 100 ప్రశ్నలు, 2 గంటలు, 50 మార్కులొస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు. సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది. ఫండ్లు అమ్మేవాళ్లకే ఇది తప్పనిసరి. అయినా రాయమంటాను, ఇంటర్వ్యూలో తడబడకుండా ఉంటారు.

చేరాక పేర్లు చదవడం నేర్చుకోండి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే, పాస్‌బుక్‌లో అసలుండదు. మన ఇంటిపేర్లతో ఈ తంటా తప్పదు. ఫారం నింపకముందే మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పాన్ నంబరుతో కేవైసీ (క్లయింట్ గుర్తింపు, చిరునామాల తనిఖీ) స్టేటస్ ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఫారం తిరిగొచ్చాక దిద్దబోతే తిట్లు మీకే.

అన్నిటికంటే ముఖ్యం: రోజులు కాదు, తేదీ చెప్పండి. చేరిన కొత్తలో ఒక పెద్దాయన శుక్రవారం ఉదయం ఈక్విటీ ఫండ్ (షేర్లలో డబ్బు పెట్టే ఫండ్) యూనిట్లు అమ్మమన్నారు. ‘రెండు రోజుల్లో పడతాయి సార్’ అన్నాను. ఆదివారం పొద్దున్నే ఫోన్. ‘ఏవమ్మా, కల్యాణ మండపం వాడికి ఇవాళ ఇస్తానని మాటిచ్చాను!’ నేను చెప్పాల్సింది రెండు పనిదినాలు, అంటే మంగళవారం. అప్పట్నుంచి ‘మంగళవారం సాయంత్రానికి చూసుకోండి సార్’ అనే అంటాను. కొనేటప్పుడూ ఇలాంటి మెలికే ఉంది. ఈక్విటీ ఫండ్‌లో మధ్యాహ్నం 3 లోపు దరఖాస్తుతో పాటు డబ్బు కూడా ఫండ్ ఖాతాలో పడితేనే ఆ రోజు ఎన్‌ఏవీ, అంటే ఆ రోజు యూనిట్ ధర, దొరుకుతుంది. చెక్కు మన చేతికిస్తే సరిపోదు.

‘ఏ ఫండ్ కొనమంటావు?’ అని అడుగుతారు. ఆ కాల్ అడ్వైజర్‌కి ఇచ్చేయండి. ఓటీపీ అడగకండి, ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకోకండి.

రెండు మూడేళ్లకు కొందరు రిలేషన్‌షిప్ మేనేజర్లవుతారు, అంటే క్లయింట్లను నేరుగా చూసుకుంటూ వ్యాపారం తెచ్చేవాళ్లు. టార్గెట్ల టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

క్లయింట్ పోయారని ఇంట్లోవాళ్లు ఫోన్ చేసినప్పుడు మాత్రం కాగితాల జాబితా గడగడా చదవకండి. నామినీ ఎవరో మీరే ఫోలియోలో (క్లయింట్ ఫండ్ ఖాతాలో) చూడండి. మరణ ధ్రువపత్రం నాలుగైదు కాపీలు తీసుకోమనండి, బ్యాంకులోనూ ఎల్‌ఐసీలోనూ అడుగుతారు. నామినీ కేవైసీ, క్యాన్సిల్ చేసిన చెక్కు సంగతి పదకొండో రోజు దాటాక మీరే ఫోన్ చేసి చెప్పండి.