యూరిన్ పైపు ఊడితే ఊర్లో మళ్ళీ వేయించొద్దు: ప్రొస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లకు ఎండాకాలం జాగ్రత్తలు

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు బెంగళూరులో ఆపరేషన్ చేయించుకుని అనంతపురం వైపు ఊరికి తిరిగొచ్చిన ఒక పెద్దాయన, నాలుగో రాత్రి ఉక్కకు తాళలేక మిద్దె మీద పడుకున్నాడు. తెల్లవారుజామున నిద్రమత్తులో లేచి రెండడుగులు వేశాడు. యూరిన్ బ్యాగు మంచం కోడుకే వేలాడుతూ ఉంది. పైపు జారిపోకుండా మూత్రసంచిలో నీళ్లతో ఉబ్బించి ఉంచే బెలూన్‌తో సహా పైపు ఊడొచ్చింది. ఇంట్లోవాళ్లు ఊరి ఆర్‌ఎంపీని పిలిస్తే ఆయన కొత్త పైపు వేశాడు. పొద్దెక్కేసరికి పొత్తికడుపు బండలా బిగుసుకుంది. బ్యాగులోకి మూత్రం బదులు నెత్తురు దిగింది.

పైపు ఊడటం ఎవరికైనా జరగొచ్చు. మనిషిని చెడగొట్టేది ఆ తర్వాత చేసే పని. ఏటా ఎండాకాలంలో ఇదే తప్పు ఇంకో ఊర్లో జరుగుతుంది.

ప్రొస్టేట్ గ్రంథిని మొత్తం తీసేసే ఆపరేషన్‌లో మూత్రసంచి మూతిని కిందికి లాగి, మూత్రనాళానికి చుట్టూ కలిపి కుడతారు. ఆ కుట్టు మానడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ పైపు మూత్రం బయటికి పంపడంతో పాటు కుట్టుకు లోపలి నుంచి ఆసరాగా ఉంటుంది. అలాంటి చోట కొత్త పైపును గుడ్డిగా తోస్తే మొన కుట్టు దగ్గర తట్టుకుని పక్కకు చీల్చుకుపోతుంది. లోపలికి చేరిందనుకుని బెలూన్‌లోకి 10 మి.లీ. నీళ్లు ఎక్కిస్తే పచ్చి కుట్టు పిగిలిపోతుంది. మూత్రం కడుపు లోపలికి కారుతుంది. మానినా ఆ చోటు గట్టిపడి దారి సన్నబడొచ్చు, లేదా మూత్రం మీద పట్టు ఎప్పటికీ రాకపోవచ్చు. పెద్దాసుపత్రిలో ఇదే పని యూరాలజిస్టు (మూత్ర వ్యాధుల నిపుణుడు) సన్నటి కెమెరాతో లోపలికి చూస్తూ చేస్తాడు. ముందు తీగ పంపి, దాని మీదుగా పైపు జారుస్తాడు. ఊర్లో కెమెరా లేదు, తీగా లేదు. జ్వరానికి, విరేచనాలకు ఆర్‌ఎంపీయే దిక్కు కావచ్చు. దీనికి మాత్రం పిలవొద్దు.

పైపు ఊడితే ఇలా చేయండి. మనిషిని పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి. ఊడిన పైపును పారేయకుండా కవర్‌లో వేసి వెంట తీసుకెళ్లండి. బెలూన్ ముక్క ఏదైనా లోపల మిగిలిందేమో డాక్టరు చూడాలి. మూత్రం రావడం లేదని నీళ్లు తాగించొద్దు, లోపల మూత్రసంచి ఇంకా ఉబ్బుతుంది. సర్జన్‌కు ఫోన్ చేసి బయల్దేరండి. క్యాజువాలిటీలో మొదటి మాట ఇదే చెప్పండి: "ప్రొస్టేట్ మొత్తం తీసేశారు, ఫలానా తేదీన. యూరాలజిస్టు వచ్చేదాకా పైపు వేయొద్దు." పక్కన నర్సు ట్రే పట్టుకుని నిలబడి ఉన్నా సరే, చెప్పండి.

ఇంటికి బయల్దేరేముందు

డిశ్చార్జి కాగితంలో ఐదు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి: ఆపరేషన్ పేరు, తేదీ, పైపు సైజు (సాధారణంగా 16 లేదా 18), బెలూన్‌లో ఎన్ని మి.లీ. నీళ్లున్నాయి, పైపు ఎప్పుడు తీస్తారు. లేకపోతే అక్కడే రాయించుకోండి. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో అడగండి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు, రాయదుర్గం నుంచి అనంతపురం రెండు గంటల పైనే. మీకు దగ్గర్లో యూరాలజిస్టు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో, ఏయే రోజుల్లో ఉంటాడో ఇప్పుడే కనుక్కోండి. అర్ధరాత్రి వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

కారులో గానీ బస్సులో గానీ గంటకోసారి దిగి నాలుగడుగులు నడవాలి. క్యాన్సర్, ఆపరేషన్, కదలకుండా కూర్చోవడం మూడూ కలిస్తే కాలి రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టొచ్చు. గడ్డకట్టకుండా పొట్టకు ఇంజెక్షన్లు రాసి ఉంటే చివరిదాకా వేయించండి. కొందరికి 28 రోజులు ఉంటాయి.

పైపు, బ్యాగు, మంచం

పైపును తొడ పైభాగానికి ప్లాస్టర్‌తో అంటించాలి. ప్లాస్టర్‌కీ పైపు బయటికొచ్చే చోటుకీ మధ్య కాస్త వదులు ఉంచితే కాలు చాపినా లాగదు. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. నులక మంచం ఎత్తు తక్కువ కాబట్టి బ్యాగును కడిగి ఆరబెట్టిన ఖాళీ బకెట్‌లో పెట్టండి. పేషెంటు ఏ వైపు దిగుతాడో బకెట్ ఆ వైపే ఉండాలి. చెప్పులు దాని పక్కనే పెట్టండి. చెప్పులు వెతుక్కునేటప్పుడు బ్యాగు కంటపడుతుంది. ముందు బ్యాగు చేతికి, ఆ తర్వాతే కాలు నేలకు. పైపు తీసేదాకా మిద్దె మీద పడక వద్దు. కరెంటు పోయినా సరే, వసారాలో పడుకోబెట్టండి.

బ్యాగు మూడొంతుల్లో రెండొంతులు నిండగానే ఖాళీ చేయండి. బరువెక్కితే పైపును కిందికి గుంజుతుంది. రోజుకు రెండుసార్లు సబ్బు నీళ్లతో పైపును ఒంటి దగ్గర నుంచి బయటి వైపు తుడవాలి. ముందు చర్మం వెనక్కి జరిపి కడిగితే మళ్ళీ ముందుకు తేవడం మరవొద్దు. అలాగే వదిలేస్తే గంటల్లో వాచి బిగుసుకుంటుంది.

ముక్కినప్పుడో నాలుగడుగులు వేసినప్పుడో మూత్రం లేత ఎరుపుగా వస్తే భయం లేదు, నీళ్లు తాగి పడుకుంటే తేరుకుంటుంది. గడ్డలు పడినా, రెండు గంటలు బ్యాగులోకి ఏమీ రాకపోయినా పైపు ఎక్కడైనా మెలి పడిందేమో చూడండి. మెలి లేకపోతే ఆసుపత్రికి బయల్దేరండి. మూసుకుపోయిన పైపుకూ అదే మాట: ఊర్లో మార్పించొద్దు.

నీళ్లు రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు తాగాలి, మజ్జిగ, రాగి అంబలి కూడా లెక్కలోకే. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. పైపు తీశాక మూత్రం కారుతుందని సిగ్గుపడి నీళ్లు మానేసేవాళ్లే ఎక్కువ. మన ఎండల్లో అది మంచిది కాదు. చిక్కబడ్డ మూత్రం సంచిని మండించి ఇంకా ఎక్కువ కారేలా చేస్తుంది. డైపర్ వేసుకోండి, నీళ్లు తాగండి. పట్టు రావడానికి మూడు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు.

మిగిలినవి వరుసగా:

ముక్కొద్దు. మలబద్ధకానికి రాసిన సిరప్ రోజూ వేయండి. ఎనిమా పెట్టొద్దు, మలద్వారంలో పెట్టే బిళ్లలు వాడొద్దు. కుట్టుకూ పెద్దపేగుకూ మధ్య పల్చటి గోడే ఉంటుంది.

ఆరు వారాలు 5 కిలోలకు మించి ఎత్తొద్దు. నిండు బిందె కూడా వద్దు, 20 లీటర్ల క్యాన్ సంగతి చెప్పక్కర్లేదు.

బండి, సైకిల్, ట్రాక్టర్ డాక్టరు సరేననేదాకా ఎక్కొద్దు. కూర్చునే చోటే కుట్టుకు కింద భాగం.

కటి కండరాల (మూత్రం ఆపుకునేటప్పుడు బిగించేవి) వ్యాయామం పైపు ఉండగా మొదలుపెట్టొద్దు. తీశాక చేయండి: 5 సెకన్లు బిగించి వదలడం, 10 సార్లు, రోజుకు మూడు పూటలు.

పైపును కత్తెరతో కోయొద్దు. ఆసుపత్రిలోనే తీయించుకోండి. నాటు మందు ఎవరు చెప్పినా వద్దు.

ఆపరేషన్ లేకుండా ఎప్పటికీ పైపుతోనే ఉన్నవాళ్లు దాన్ని గడువుకు మార్పించుకోవాలి. రబ్బరుదైతే సుమారు నాలుగు వారాలు, సిలికాన్‌దైతే పన్నెండు వారాల దాకా. పైపులోంచి మూత్రం కనపడకముందే బెలూన్‌లోకి నీళ్లు ఎక్కిస్తుంటే చేయి పట్టుకుని ఆపండి.

హార్మోన్ ఇంజెక్షన్ తేదీ దాటనివ్వొద్దు. పీఎస్‌ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్‌ను గమనించే రక్తపరీక్ష) తగ్గిందని మానొద్దు, తగ్గింది ఆ ఇంజెక్షన్ వల్లే.

పీఎస్‌ఏ ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరాటెరోన్ బిళ్లలు ఖాళీ కడుపుతో వేయాలి. తోడుగా ఇచ్చే స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపొద్దు.

ఒక కాలే వాస్తే, పిక్క నొప్పి పుడితే, ఆయాసమొస్తే 108.

100.4 దాటిన జ్వరానికి పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు.

క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లకు కొత్తగా నడుంనొప్పి వస్తే మర్దన వద్దు, పుత్తూరు కట్టు వద్దు. కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మలమూత్రాలు తెలియకుండా పోయినా ఆ రోజే ఆసుపత్రికి. వెన్నుపాము నొక్కుకుపోతే ఒక్క రోజు ఆలస్యానికి నడక పోవచ్చు.

పైపు ఊడితే మళ్ళీ వేయించొద్దు. అల్లుడు కాంపౌండరైనా వద్దు.

సర్జన్ నంబరు, ఆపరేషన్ తేదీ పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు గోడకు అంటించండి. ఫోన్‌లోనే ఉంచితే కరెంటు పోయిన రాత్రి ఛార్జింగ్ ఉండదు.