వాటర్ ఫెడ్ పోల్ సెట్: తక్కువ ఖర్చులో ఏం కొనాలి, ఎక్కడ తగ్గించకూడదు

అద్దాల క్లీనింగ్ పని మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది పోల్ (చివర బ్రష్, దానికి నీళ్ళందించే పైపు ఉన్న పొడుగు కర్ర) ఎన్ని అడుగులదని. కానీ నెలనెలా జేబు ఖాళీ చేసేది నీళ్ళు. ఈ పద్ధతిలో తుడవడం ఉండదు. బ్రష్‌తో రుద్ది, శుద్ధమైన నీళ్ళతో కడిగి, ఆరడానికి వదిలేస్తాం. నీళ్ళలో లవణాలుంటే అవే తెల్ల చుక్కలై అద్దం మీద మిగులుతాయి. బ్రష్‌కి చేరే నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత, పీపీఎంలో చెబుతారు) సున్నా ఉండాలి. 10 పీపీఎం దాటితే పని చెడినట్టే.

అందుకే మొదట కొనాల్సింది టీడీఎస్ మీటరు. హైదరాబాద్‌లో బోరు నీళ్ళు 500 పీపీఎం దాటడం మామూలే. కుళాయికి వచ్చే కృష్ణా, మంజీరా నీళ్ళు సాధారణంగా అంతకన్నా బాగా తక్కువ చూపిస్తాయి. మీకు దొరికే నీళ్ళన్నీ కొలిచాకే మిగతా లెక్క.

నీళ్ళలో మిగిలిన లవణాలను పట్టేసి టీడీఎస్ సున్నాకి తెచ్చేది మిక్స్‌డ్ బెడ్ డీఐ రెజిన్ అనే గుళికలు. లీటరు రెజిన్ 500 పీపీఎం నీళ్ళను సుమారు 50 లీటర్లే శుద్ధి చేయగలదు. అంటే 25 లీటర్ల బస్తాకి 1,250 లీటర్లు. ఒక పోల్‌కి నిమిషానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు కావాలి, రోజంతా పనిచేస్తే 400 నుంచి 500 లీటర్లు. బస్తా మూడు రోజులకే అయిపోతుంది! అవే నీళ్ళు ముందు ఆర్వోలో 25 పీపీఎంకి దిగితే అదే బస్తా ఇరవై రెట్లు పనిచేస్తుంది. బోరు నీళ్ళు వాడేవాళ్ళు ఆర్వో మానేసి మిగుల్చుకునేది ఏమీ లేదు.

పెద్ద ప్లాంటు అక్కర్లేదు. గంటకు 50 లీటర్లిచ్చే ఆర్వోని రాత్రి పది గంటలు నడిపితే మర్నాటికి 500 లీటర్లు సిద్ధం. తాగునీళ్ళ కోసం చేసిన మిషనైతే అందులోని మినరల్ కార్ట్రిడ్జ్ తీసేయించి, టీడీఎస్ కంట్రోలర్ పూర్తిగా మూయించండి. అవి తీసిన లవణాల్నే మళ్ళీ కలుపుతాయి. ముందు సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు తప్పనిసరి, ఎందుకంటే కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తుంది.

రెజిన్ అయిపోతున్నప్పుడు ముందు జారిపోయేది సిలికా. దాన్ని టీడీఎస్ మీటరు సరిగా పట్టుకోదు. మీటరు 2, 3 చూపిస్తున్నా అద్దం మీద మచ్చలు వస్తుంటే రెజిన్ మార్చండి.

పంపుకి ఎక్కువ పెట్టనక్కర్లేదు. పొలానికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లో ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు రకమే దీనికీ చాలు. 30 అడుగుల ఎత్తుకి నీళ్ళెక్కించడానికి పోయే ప్రెషర్ 13 పీఎస్ఐ మాత్రమే. చిన్న ఇళ్ళకైతే 16 లీటర్ల స్ప్రేయర్ ట్యాంకే సరిపోతుంది, పది నిమిషాలకోసారి నింపుకోవాలి. మందు పోసిన స్ప్రేయర్ మాత్రం ఎంత కడిగినా వద్దు, కొత్తదే కొనండి. బండిలో పెద్ద ట్యాంకు పెడితే 500 లీటర్లంటే అర టన్ను అని గుర్తుంచుకుని, ఛాసిస్‌కి గట్టిగా బిగించండి.

ఇక పోల్. రెండంతస్తుల వరకు 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ పోల్ చాలు. 30 అడుగులు దాటితే అది పైన వంగి ఊగుతుంది, బ్రష్ చెప్పినట్టు వినదు, సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. అక్కడ హైబ్రిడ్ (ఫైబర్‌గ్లాస్, కార్బన్ కలిపినది) గానీ కార్బన్ ఫైబర్ గానీ తీసుకోండి. మీ పనుల్లో ఎక్కువ భాగం ఏ ఎత్తులో ఉన్నాయో ఆ ఎత్తుకే కొనండి. ఏడాదికోసారి వచ్చే నాలుగో అంతస్తు కోసం పొడుగు పోల్ కొని రోజూ ఆ బరువు మోయకండి. షాపులోనే పూర్తిగా చాపి, బ్రష్ తగిలించి, గోడకి ఆనించి చూడండి. ముందుగా అరిగేవి పోల్ ముక్కల్ని బిగించి పట్టే క్లాంపులు కాబట్టి విడి క్లాంపులు దొరకని పోల్ ఎంత చవకైనా తీసుకోవద్దు.

బ్రష్ 10 నుంచి 12 అంగుళాలది, రెండు పెన్సిల్ జెట్లతో (నీళ్ళు సన్నని ధారగా వదిలే నాజిల్స్) ఉంటే చాలు. నీళ్ళు పొరలా పరచుకోకుండా బొట్లుగా విడిపోయే అద్దాలకు నీళ్ళు విసనకర్రలా వెడల్పుగా చల్లే ఫ్యాన్ జెట్లు మేలు. కొత్త భవనాల మీద సిమెంటు, పెయింటు చుక్కలు బ్రష్‌కి రావు; ధర చెప్పేముందే ఆ పని విడిగా లెక్కకట్టండి. మొదటి వాష్‌లో పై ఫ్రేమ్ రెండుసార్లు కడగకపోతే అందులోని దుమ్ము ఆరేలోపు చారలుగా కిందికి దిగుతుంది.

కార్బన్, అల్యూమినియం రెండింటిలోనూ కరెంటు పారుతుంది. తడిసిన ఫైబర్‌గ్లాస్‌ని కూడా నమ్మడానికి లేదు. మన సందుల్లో 11 కేవీ తీగలు బాల్కనీల పక్కనుంచే పోతాయి కాబట్టి పోల్ చాపకముందు తల పైకెత్తి చూడండి. పోల్ ఏ వైపు పడినా తీగకి అందేలా ఉంటే ఆ కిటికీ ఒప్పుకోవద్దు.