రీజెన్సీ ప్రేమనవల రాద్దాం – 5వ పాఠం: కుటుంబ రహస్యాన్ని ఎక్కడ దాచాలి?

పోయిన పాఠంలో కథాకాలం 1816 వసంతం అని ఖాయం చేసుకున్నాం. ఇంగ్లండులో రీజెన్సీ, అంటే జబ్బుపడిన రాజు బదులు యువరాజు ఏలిన కాలం, 1811 ఫిబ్రవరి నుంచి 1820 జనవరి దాకా నడిచింది కాబట్టి మనం దాదాపు నడిమధ్యన ఉన్నాం. నాయకుడు 27 ఏళ్ల ఎర్ల్, అంటే వంశపారంపర్యంగా వచ్చే బిరుదున్న ప్రభువు. నాయిక బాత్ పట్టణంలో ఒక చర్చి పాదిరిగారి మేనకోడలు. ఈసారి పని రహస్యం.

"ఆ ఇంట్లో ఏదో దాస్తున్నారు" అన్న అనుమానం మూడు అధ్యాయాలకు మించి లాగదు. రహస్యం ఒక కాగితం మీద ఉండాలి. అది బయటపడితే ఎవరికి ఏం పోతుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. మనం వాడబోయేది ఇది: నాయకుడి తండ్రి 1786లో, తనకు 20 ఏళ్లప్పుడు, ఇంట్లో చెప్పకుండా ఒక పెళ్ళి చేసుకున్నాడు. 1788 మేలో అందరూ చూస్తుండగా ఇంకో పెళ్ళి. 1789 ఫిబ్రవరిలో నాయకుడు పుట్టాడు.

ఇక్కడ చట్టం తెలియకపోతే కథ కూలుతుంది. 1754 నుంచి ఆ కాలంలో అమల్లో ఉన్న వివాహ చట్టం ప్రకారం 21 నిండనివారు చర్చి ఇచ్చే లైసెన్సు మీద పెళ్ళాడితే తండ్రి సమ్మతి తప్పనిసరి. లేకపోతే ఆ పెళ్ళి చెల్లదు. లైసెన్సు కాకుండా బ్యాన్స్ పద్ధతిలో, అంటే మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదివించి చేసుకుంటే, చదివేటప్పుడు తండ్రి లేచి అడ్డు చెప్పకపోతే చాలు, పెళ్ళి నిలుస్తుంది. జనం కిక్కిరిసిన పట్నం చర్చిలో గడగడా చదివే పేర్లను పల్లెలో ఉన్న తండ్రి ఎక్కడ వింటాడు? మన కుర్రాడు చేసింది అదే. అయితే మారుపేరుతో చదివించాడని రాయకండి. మోసంతో పేరు మార్చి చదివిస్తే ఆ పెళ్ళి నిలవదు, మీ రహస్యమూ నిలవదు.

తర్వాతి ముడి మొదటి భార్య మరణం. ఆమె తన అన్నతో మద్రాసు ఓడ ఎక్కింది. అన్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కడ 1788లో పోయింది. మార్చిలో పోయిందా, జూన్‌లో పోయిందా? మార్చి అయితే మే నాటి పెళ్ళి సక్రమం, నాయకుడు ఎర్ల్. జూన్ అయితే ఆ పెళ్ళి చెల్లదు, బిరుదు బాబాయిది. ఓడ ప్రయాణం ఐదారు నెలలు పట్టే రోజులు కాబట్టి మరణవార్త ఏ తేదీకి చేరినా ఇంగ్లండులో ఎవరికీ అనుమానం రాదు. మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్ళు ఏటా లండన్‌లో కంపెనీ ఆఫీసుకు వెళ్ళేవి. ఆఖరి అధ్యాయాల్లో తేదీ దొరికే చోటు అదే.

ఇక పెళ్ళి రిజిస్టర్. ఆ కాలపు ఎంట్రీలో ఏముంటుంది? ఇద్దరి పేర్లు, వాళ్ల చర్చి పరిధులైన పారిష్‌లు, బ్యాన్సా లైసెన్సా, తేదీ, దంపతుల సంతకాలు, పాదిరి సంతకం, ఇద్దరు సాక్షులు. తండ్రుల పేర్లు ఉండవు. అవి 1837లో మొదలైన కొత్త ఫారాల్లో వచ్చాయి. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే: నాయిక ఎంట్రీలో "తండ్రి: ఫలానా ఎర్ల్" అని చదివేస్తుంది, రహస్యం ఒక్క దెబ్బతో తేలిపోతుంది. లేని పేరే మనకు మేలు. నాయిక వరుడి సంతకాన్ని గుర్తుపట్టాలి, గుర్తుపట్టాలంటే ఆ రాత తెలిసినవాడు పక్కన ఉండాలి.

ఎవరిచేతనైనా ఆ పేజీ చింపించాలని చేతులు దురద పెడతాయి. చింపించండి, కానీ రెండు సంగతులు గుర్తుంచుకుని. ఆ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి రిజిస్టరు పాడుచేయడం మరణశిక్ష పడే నేరం, కాబట్టి ఎవరూ ఊరికే చింపరు. పైగా పాదిరులు ఏటా ఒక నకలు బిషప్ కార్యాలయానికి పంపాలి. బాత్‌కు అది వెల్స్‌లో, 20 మైళ్ల దూరంలో. నకలులో పేర్లు ఉంటాయి, అసలు సంతకం ఉండదు. సగం సాక్ష్యం చేతికందడం నవలాకారుడికి వరం.

రహస్యం ప్రేమికుల మధ్య నిలబడకపోతే అది వేరే కథ అవుతుంది. అందుకే ఆ ఎంట్రీని ముందు చూసింది నాయికే. నోరు విప్పితే అతని బిరుదు పోవచ్చు, విప్పకపోతే అబద్ధం మీద కాపురం. రిజిస్టర్లుండే ఇనప్పెట్టె దగ్గర, పక్కగది తలుపు బార్లా తెరిచి, పాదిరిగారి భార్య బెంచీ మీద అల్లిక పట్టుకుని కూర్చోగా:

*ఆమె కుడిచేతి గ్లవుజు తీసి పేజీ తిప్పింది. వేలు ఒక వరుస దగ్గర ఆగింది. అతని వేలూ అక్కడికే వచ్చింది. రెంటి మధ్యా అంగుళం మేర సంతకం. "మా నాన్నగారి రాతే," అన్నాడు. "మీకు ముందే తెలుసు." ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.*

ముట్టుకోవడం లేదు, ఆ అంగుళమే పనిచేస్తుంది. ఇంకొకటి: వాళ్ల భాషలో లేని సదుపాయం మనకుంది. పెళ్ళి మాట ఖాయమయ్యేదాకా "మీరు" వదలకండి. ఆ తర్వాత ఒకే ఒక్కచోట "నువ్వు" రానివ్వండి.

చిన్న హెచ్చరిక. మేనత్త మేనమామ పిల్లలైన బావామరదళ్ల పెళ్ళి అక్కడా చెల్లుతుంది, మేనమామతో పెళ్ళి మాత్రం చర్చి నిషేధం. అలవాటు కొద్దీ నాయికకు మామయ్య సంబంధం తేకండి.

అభ్యాసం: 1786 ఎంట్రీని 40 మాటల్లో రాయండి. తర్వాత "బ్యాన్స్" కొట్టేసి "లైసెన్సు" అని పెట్టి, మీ కథలో ఏయే అధ్యాయాలు ఊడిపోతాయో పక్కన రాసుకోండి. ఒక్కటీ ఊడకపోతే రహస్యం ఇంకా కథలోకి దిగలేదన్నమాట. ఆరో పాఠానికి వెళ్లకుండా దీన్నే మళ్ళీ చేయండి.